పొద్దుగాల పావుగంట, నాయినతోని
ప్రార్థనకు కూసుంటే నిమ్మళం రాకపోగా ఇంకా గాబరా అయ్యేటోళ్లు ఇది ఒకసారి చేసి చూడుండ్రి. మాది మిర్యాలగూడ, పొద్దుగాల రోడ్డు మీద రైసుమిల్లు లారీల చప్పుడు షురూ కాకముందే లేస్తా, ఫోన్ హాల్లనే ఛార్జింగుకు పెట్టి వంటింటి తలుపు దగ్గరికేసుకొని చాప మీద కూసుంటా, బైబిల్ల మత్తయి సువార్త 6:6ల యేసయ్య చెప్పింది గదే కదా, తలుపేసుకొమ్మని. పక్కన పాత నోట్‌బుక్కు, పెన్ను ఉండాలె, ఇది ముఖ్యం. కళ్లు మూసుకోంగనే పాల బిల్లు, పిల్లగాని ఫీజు, అత్తమ్మ బీపీ గోళీలు అన్నీ యాదికొస్తయి, వాటితోని కొట్లాడకుండ్రి, రాసి పక్కన పెట్టి దేవునితోని "నాయినా, ఇది నీకే ఇస్తున్న" అనుండ్రి. తర్వాత 131వ కీర్తన, 3 వచనాలే, మెల్లగ రెండుసార్లు చదువుండ్రి. పాలు మాన్పిన పిల్ల తల్లి దగ్గర ఏం అడగకుండ నిమ్మళంగ ఉన్నట్టు అని ఉంటది అండ్ల, నేను ఆడనే ఆగిపోతా. చర్చిల చేసే పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, ఇంట్ల మాట్లాడే మాటనే మాట్లాడుండ్రి, మాట రాకపోతే ఊకెనే కూసోండ్రి. నాకైతే మొదటి వారం కునుకు పట్టింది, అయినా లేచేసరికి గుండెల బరువు దిగినట్టే ఉండె.