బీటెక్ మధ్యలో ఆపి అమెరికా వచ్చారా? మీ క్రెడిట్లు పోకుండా చూసుకోవడం ఇలా

2023లో, బీటెక్ రెండో ఏడు పరీక్షలు అయ్యీ అవకముందే నాకు పెళ్లయింది. మా ఆయనకి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం. “మిగతా రెండేళ్లూ అక్కడే పూర్తి చేస్తుందిలే, క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయంటగా” అని పెళ్లిచూపుల్లోనే మా అత్తయ్య తేల్చేశారు. అవుతాయి, నిజమే. నేను 82 క్రెడిట్లతో విమానం ఎక్కాను. డిగ్రీ లెక్కలోకి మొదట వచ్చినవి 37. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి 47 చేసుకున్నాను. ఆ పది ఎలా వచ్చాయో, మిగతావి ఎందుకు పోయాయో తెలిస్తే మీకు కనీసం ఒక సెమిస్టర్ ఫీజు మిగులుతుంది.

ముందు ఒక తేడా చెప్పాలి. ఇది తెలియకే నేను మూడు నెలలు సంబరపడ్డాను. “ట్రాన్స్‌ఫర్ అయింది” అన్నంత మాత్రాన “డిగ్రీకి పనికొచ్చింది” అని కాదు. మన సబ్జెక్టుకి సరిసమానమైన కోర్సు వాళ్ల దగ్గర కనబడకపోతే, ఆ క్రెడిట్లని ఎలెక్టివ్ అనే మూటలో వేస్తారు. కంప్యూటర్ సైన్స్ లాంటి డిగ్రీలో ఆ మూటకి చోటు చాలా తక్కువ. నా మొదటి రిపోర్టులో 54 క్రెడిట్లు అంగీకరించారని చూసి ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. అడ్వైజర్ డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి కావాల్సిన కోర్సుల్లో ఏది అయిందో, ఏది మిగిలిందో చూపించే పట్టిక) తెరిచి చూపిస్తే వాటిలో 17 ఏ గడిలోనూ పడకుండా అడుగున వేలాడుతున్నాయి. మీరు అడగాల్సింది “ఎన్ని తీసుకున్నారు” అని కాదు, “ఏ కోర్సు బదులు తీసుకున్నారు” అని.

ఊళ్లో ఉండగానే చేసుకోవాల్సినవి

ఈ పని సగం అక్కడే అవ్వాలి. ఇక్కడికి వచ్చాక మన ఆఫీసులకి రాత్రిపూట ఫోన్లు చేస్తూ కూర్చోవడం నరకం.

మార్కుల మెమోలు వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు. ఇక్కడ అడిగేది రెండోది: అన్ని సెమిస్టర్లూ ఒకచోట, సీల్ వేసిన కవర్లో, లేదా యూనివర్సిటీ నుంచి నేరుగా. అనుబంధ కాలేజీ అయితే అది యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి రావాలి, కాలేజీ ప్రిన్సిపల్ సంతకం చాలదు. అటానమస్ కాలేజీ అయితే ఎవరి నుంచి రావాలో మదింపు సంస్థ (మన చదువుని అమెరికా లెక్కలోకి మార్చి చెప్పేది, కింద వివరిస్తాను) సైటులో మన దేశం పేరు నొక్కి చూసుకోండి. చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా ఆగి, నాలుగు సెమిస్టర్లూ కలిపి తీసుకోండి. మూడింటికే తీసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది సిలబస్. మన రెగ్యులేషన్ పుస్తకంలో ప్రతి సబ్జెక్టు పేజీకీ పైన ఎల్, టీ, పీ, సీ అని నాలుగు గళ్లుంటాయి కదా, వాటిని చదువుకునే రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. లెక్చర్ గంటలు, ట్యుటోరియల్, ప్రాక్టికల్, క్రెడిట్లు. ఇక్కడ మీ తలరాత రాసేది ఆ గళ్లే. నాది కాకినాడ జేఎన్టీయూ ఆర్20 రెగ్యులేషన్, డిగ్రీ మొత్తం 160 క్రెడిట్లు. ఇక్కడ చాలా డిగ్రీలు 120కే అయిపోతాయి. అందుకే మన క్రెడిట్ వాళ్ల క్రెడిట్‌కి ఒకటికి ఒకటి రాదు, నా 82 మదింపులో 62 అయ్యాయి. మీ బ్యాచ్ రెగ్యులేషన్ సిలబస్ పీడీఎఫ్ దించుకుని, సబ్జెక్టుకొక ఫైలుగా విడగొట్టుకోండి. గళ్లు, అయిదు యూనిట్లు, టెక్స్ట్ బుక్కుల పేర్లు, మూడూ కనబడాలి. మీ సీనియర్ పంపిన ఫైలు తీసుకోకండి, ఏడాది తేడాలో రెగ్యులేషన్ మారిపోయి ఉండొచ్చు.

మూడోది, అమ్మకి ఫోన్ చేసి ల్యాబ్ రికార్డులు పాత పేపర్ల వాడికి వేయొద్దని చెప్పండి. ఎందుకో కింద చెప్తాను.

ఇక టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్. చదువు ఆపేస్తున్నానంటే మా కాలేజీలో మిగతా రెండేళ్ల ఫీజూ కడితేగానీ ఇవ్వమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీల దగ్గర అట్టేపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. నాన్న దాని ప్రింటు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టారు. నాలుగుసార్లు తిరిగాక ఇచ్చారు. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ నన్ను ఇక్కడ ఎవరూ అడగలేదు.

మదింపు: నేను రెండుసార్లు డబ్బు కట్టిన కథ

డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థలు మన మార్కుల్ని అమెరికా లెక్కలోకి మార్చి రిపోర్టిస్తాయి. వాటిలో రకాలుంటాయి. ఒకటి మీరు ఏం చదివారో ఒక్క ముక్కలో చెప్పేది. రెండోది కోర్సు వారీగా, ప్రతి సబ్జెక్టుకీ క్రెడిట్లు, గ్రేడు వేసేది. నేను చవగ్గా ఉందని మొదటిది కొన్నాను. అది ఉద్యోగాలకీ ఇమిగ్రేషన్‌కీ పనికొస్తుందట, క్రెడిట్ల బదిలీకి కాదు. మళ్లీ కట్టాను. తప్పు నాదే, పేజీలో రాసే ఉంది.

కట్టేముందు యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి: “మీరు బయటి మదింపు అడుగుతారా, సొంతంగా చేసుకుంటారా? ఏ సంస్థవి తీసుకుంటారు?” ఎన్‌ఏసీఈఎస్ (మదింపు సంస్థల సంఘం) సభ్య సంస్థ ఏదైనా పర్వాలేదనే చోట్లు కొన్ని, ఫలానాదే కావాలనేవి కొన్ని, అసలేమీ వద్దు ట్రాన్స్‌క్రిప్ట్ పంపమనేవి కొన్ని. రిపోర్టు సలహా మాత్రమే, చివరి మాట యూనివర్సిటీదే. సాధారణంగా సీ గ్రేడు కన్నా తక్కువున్నవి రావు. నేను గ్రేస్‌తో గట్టెక్కిన ఆటోమాటా థియరీ అక్కడే ఆగిపోయింది. ఇంకో సంగతి, క్రెడిట్లు వస్తాయి గానీ సాధారణంగా మన సీజీపీఏ రాదు. కొత్త చోట జీపీఏ సున్నా నుంచి మొదలు. నాలాంటి దానికి అది వరం.

ఎక్కడ నష్టపోతాం

మ్యాథ్స్‌లో. ఇది వింతగా అనిపిస్తుంది గానీ చూడండి. మా ఎం-1 (మ్యాథమెటిక్స్-1) సీక్వెన్సులు, సిరీస్‌లతో మొదలై, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, పార్షియల్ డిఫరెన్షియేషన్ మీదుగా మల్టిపుల్ ఇంటెగ్రల్స్ దాకా వెళ్తుంది. ఇక్కడ కాలిక్యులస్-1 అంటే లిమిట్లు, డెరివేటివ్‌లు. అవి మనం ఇంటర్ 1బిలో చదివేశాం. ఇంటర్ వాళ్ల దృష్టిలో హైస్కూలు, దానికి క్రెడిట్ ఉండదు. దాంతో నా రిపోర్టు మేడ కట్టి పునాది మరిచిపోయిన ఇల్లులా తయారైంది. ఎం-1ని ఎలెక్టివ్‌లో పడేసి, కాలిక్యులస్-1 నుంచి చదవమన్నారు. దీనికి దారి క్లెప్. కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష అది, ప్యాసైతే కోర్సు చదవకుండానే క్రెడిట్ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. మీది ఎంత స్కోరుకి ఏ కోర్సు ఇస్తుందో దాని సైటులో పట్టిక ఉంటుంది. నేను తెలుగు అకాడమీ 1బి, 2బి పుస్తకాలు తిరగేసి రాశాను, కాలిక్యులస్-1 అయిపోయింది. కాలిక్యులస్-2 కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) చదివాను.

ఫిజిక్స్‌లో ఇంకో తిరకాసు. మనకి థియరీ ఒక సబ్జెక్టు, ల్యాబ్ ఒక సబ్జెక్టు. వాళ్లకి రెండూ కలిపి నాలుగు క్రెడిట్ల ఒకే కోర్సు. విడివిడిగా చూసినవాడికి రెండూ దేనికీ సరిపోవు, ఎలెక్టివ్ మూటలోకి పోతాయి. రెండూ కలిపి చూడమని రాతపూర్వకంగా అడగాలి. అడిగాను, నాలుగూ వచ్చాయి. ఎం-2 మాలో లీనియర్ ఆల్జీబ్రా, న్యూమరికల్ మెథడ్స్. పేరు చూసి పక్కన పెట్టారు, యూనిట్లు చూపించాక లీనియర్ ఆల్జీబ్రా కింద మూడు ఇచ్చారు. “మ్యాథమెటిక్స్-2” అనే పేరు బయటివాడికి ఏం చెబుతుంది పాపం!

అస్సలు రానివి, వాటి మీద టైము తగలేయకండి: టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎవరు ఏ బ్యాచిలర్ డిగ్రీ చేసినా అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు, ప్రభుత్వం-రాజ్యాంగం ఆరు క్రెడిట్లు చట్టప్రకారం చదవాల్సిందే, అందులో టెక్సస్ రాజ్యాంగం కూడా ఉంటుంది. మన కమ్యూనికేటివ్ ఇంగ్లిష్‌ని వాళ్ల కాంపోజిషన్ (వ్యాసరచన) కోర్సు బదులు తీసుకోవడం కూడా అరుదు. ఇవి కమ్యూనిటీ కాలేజీలో చదవండి, ఫీజు చాలా తక్కువ. టెక్సస్‌లో వీటికి రాష్ట్రమంతా ఒకే నంబర్లు: ఇంగ్లిష్ 1301, హిస్టరీ 1301, గవర్నమెంట్ 2305, 2306. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో, రెండోది ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. ప్రభుత్వ కాలేజీ నుంచి ప్రభుత్వ యూనివర్సిటీకి ఇవి పేచీ లేకుండా వెళ్తాయి. 42 క్రెడిట్ల కోర్ (ఏ డిగ్రీకైనా అందరూ చదవాల్సిన ఇలాంటి సాధారణ కోర్సులు) మొత్తం పూర్తిచేసి వెళ్తే దాన్ని ఒక ముద్దగా ఒప్పుకోవాలి.

కమ్యూనిటీ కాలేజీ వాళ్లు మీ ఇండియా క్రెడిట్లు ఒప్పుకున్నారని యూనివర్సిటీ కూడా ఒప్పుకుంటుందనుకోకండి. వాళ్లు మళ్లీ మొదటి నుంచీ చూస్తారు, ఇండియా కాగితాలు మళ్లీ పంపాలి. అలాగే చేరిన కోర్సులు ఊరికే డ్రాప్ చేయకండి, అంటే మధ్యలో వదిలేయకండి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు డ్రాప్‌లే.

పిటిషన్: పది క్రెడిట్లు వచ్చిన దారి

రిజిస్ట్రార్ ఆఫీసులో రిపోర్టు తయారుచేసే వాళ్లకి మీ సబ్జెక్టు తెలియదు, పేర్లు చూసి జత చేస్తారు. పేరు కుదరకపోతే సంబంధిత డిపార్ట్‌మెంట్‌కి పిటిషన్ పెట్టుకోవచ్చు. ఒక్కో కోర్సుకి ఒక్కో పేజీ రాయండి. ఎడమవైపు మన యూనిట్లు, కుడివైపు వాళ్ల క్యాటలాగులో ఉన్న అంశాలు, ఏది దేనికి సరిపోతుందో గీతలు. కింద మన గంటలు: వారానికి మూడు చొప్పున పదహారు వారాలు అంటే 48. పొగడ్తలు, కష్టాలు రాయొద్దు. నేను నాలుగు పెట్టాను: పైన చెప్పిన ఫిజిక్స్, ఎం-2, ఇంకో రెండు.

డేటా స్ట్రక్చర్స్‌కి ప్రొఫెసర్ స్వయంగా రమ్మన్నారు. ఆయన సందేహం, మేం సీలో చదివాం, వాళ్లు సీ ప్లస్ ప్లస్‌లో చెబుతారు. సిలబస్ చూసి, “ఇందులో ప్రోగ్రాములు మీరు నిజంగా రాశారా, థియరీయేనా?” అన్నారు. అప్పుడు సంచిలోంచి ల్యాబ్ రికార్డు తీశాను. అమ్మ ఆవకాయతో పాటు పార్సిల్‌లో పంపింది. అట్టకి బ్రౌన్ షీటు, మీద నా రోల్ నంబరు, ఒక మూల నూనె మరక. కుడిపక్క గీతల పేజీలో ప్రోగ్రాము, ఎడమపక్క తెల్ల పేజీలో పెన్సిల్‌తో నోడ్ల బొమ్మలు, ప్రతి ప్రయోగం కింద మా మేడమ్ ఎర్ర సిరా సంతకం, తేదీ. ఆయన చేత్తో రాసిన ప్రోగ్రాములు చూడ్డం అదే మొదటిసారేమో, ఒక్కో పేజీ తిప్పుతూ నవ్వుకున్నారు. డబ్లీ లింక్డ్ లిస్టులో మధ్య నోడ్ తీసేయడం బోర్డు మీద వెయ్యమన్నారు. వేశాను. సీ ప్లస్ ప్లస్ సందేహం తీరడానికి, జావా కూడా చదివానని మెమో చూపించాను. మర్నాడు సాయంత్రానికి డిగ్రీ ఆడిట్‌లో మూడు క్రెడిట్లు ఆ గడిలోకి దూకాయి. ఆ రికార్డులు ఎందుకు రాయిస్తారో అని రెండేళ్లు తిట్టుకున్నదాన్ని నేనే.

నాలుగోది ఆపరేటింగ్ సిస్టమ్స్, తిరస్కరించారు. అది వాళ్ల దగ్గర పై ఏడాదుల కోర్సు, రెండో ఏడాది చదువుతో దాన్ని భర్తీ చెయ్యరు. అన్నీ వచ్చినా అన్నిటితో డిగ్రీ ఇవ్వరు కూడా. ఈ ప్రాంతపు గుర్తింపు సంస్థ నిబంధన ప్రకారం డిగ్రీ క్రెడిట్లలో కనీసం నాలుగో వంతు అక్కడే చదవాలి.

వీసా సంగతి రెండు ముక్కలు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఎఫ్-1కి, అంటే విద్యార్థి వీసాకి, మారకుండానే చదువుకోవచ్చు. టెక్సస్‌లో పన్నెండు నెలలు నివాసం చూపిస్తే ఇన్-స్టేట్ ఫీజుకి (ఆ రాష్ట్రంవాళ్లకి ఉండే తక్కువ ఫీజు) అర్హత రావచ్చు, నేను ఆ ఏడాదంతా కమ్యూనిటీ కాలేజీలో గడిపాను. ఎఫ్-1 మీద ఉండి యూనివర్సిటీ మారేవాళ్లకి ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) బదిలీ వేరు, క్రెడిట్ల బదిలీ వేరు. ఒకటయ్యిందని రెండోది దానంతటది అవ్వదు.

పిటిషన్లు మొదటి సెమిస్టర్ మొదలవ్వకముందే పెట్టండి. ఆ కోర్సులో ఒకసారి రిజిస్టర్ అయ్యాక ఎవరూ వినిపించుకోరు. కౌంటర్లో నోటిమాటగా చెప్పింది ఏదైనా ఇంటికొచ్చి మెయిల్ చేసి, “మీరు ఇలా చెప్పారు, సరేనా?” అని అడగండి. నాకు ఫిజిక్స్ ఇస్తామన్న ఆవిడ నెల తిరక్కుండానే ఉద్యోగం మారిపోయింది. ఆ మెయిల్ ఉండబట్టే ఆ నాలుగూ దక్కాయి.