స్మార్ట్‌ఫోన్ ఎంచుకోవడం నేర్చుకుందాం – 2వ పాఠం: ఆండ్రాయిడా, ఐఓఎస్సా?

పోయిన పాఠంలో, మీరు రోజూ ఫోన్‌తో చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకోండి. ఈ పాఠమంతా దానితోనే పని. ఇంకా రాయనివాళ్లు ఇక్కడే ఆగి రాసుకుని రండి. లేకపోతే చదివినంతసేపూ బాగానే ఉంటుంది కానీ చివరికి చేతికి ఏమీ రాదు.

ఫోన్ కొనేటప్పుడు మనం ముందు కెమెరా చూస్తాం, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత రంగు. ఫోన్‌నీ, అందులోని యాప్‌లనీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) సంగతి చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. నేను చెప్పబోయేది దీనికి తలకిందులు. ముందు ఓఎస్, తర్వాత ఆ ఓఎస్‌ని ఆ కంపెనీ ఎన్నేళ్లు నడిపిస్తుందన్న లెక్క, ఆ తర్వాతే మిగతావన్నీ. కెమెరా కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు. ఓఎస్‌కి కాలం చెల్లితే మాత్రం లోపల ఎంత మంచి కెమెరా ఉన్నా ఫోన్ పాతబడిపోయినట్టే.

మూడోది ఎందుకు లేదు?

ఇప్పుడు మన ముందున్నవి దాదాపు రెండే: ఐఫోన్లలో ఐఓఎస్, మిగతా ఫోన్లలో ఆండ్రాయిడ్. ఒకప్పుడు చాలా ఉండేవి. నోకియా ఫోన్లలో సింబియన్, బ్లాక్‌బెర్రీకి సొంత ఓఎస్, 2010లో వచ్చిన విండోస్ ఫోన్, 2013లో ఫైర్‌ఫాక్స్ ఓఎస్. వీటిలో విండోస్ ఫోన్ కథ తెలుసుకోదగ్గది. అది వాడినవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. తక్కువ ర్యామ్‌లో కూడా చురుగ్గా నడిచేది, తెర చూడముచ్చటగా ఉండేది. అయినా నిలవలేదు. వాడేవాళ్లు తక్కువని యాప్ తయారీదారులు రాలేదు, యాప్‌లు లేవని వాడేవాళ్లు రాలేదు. చివరికి మైక్రోసాఫ్టే చేతులెత్తేసింది. విండోస్ 10 మొబైల్‌కి ఆఖరి సెక్యూరిటీ అప్‌డేట్ 2020 జనవరిలో వచ్చింది. 2022 జనవరి 4 నుంచి బ్లాక్‌బెర్రీ పాత ఓఎస్ ఫోన్లకు కంపెనీ సేవలు ఆగిపోయాయి.

అందుకే కొత్త ఓఎస్ గురించి ఎవరైనా గొప్పగా చెబితే ముందు మీ కాగితం తీయండి. అందులోని యాప్‌లు దానిమీద నడుస్తాయా? హువావే వాళ్ల హార్మనీ ఓఎస్ నెక్స్ట్ 2024లో వచ్చింది. అది ఆండ్రాయిడ్ యాప్‌లను నేరుగా నడపదు, యాప్‌లను దానికోసం విడిగా తయారుచేయాలి. సాంకేతికంగా అది పెద్ద విషయమే. మీకు కావలసిన యాప్ అందులో లేకపోతే మీకు ఒరిగేదేమీ లేదు. ఫోన్‌తో వచ్చిన ఓఎస్ తీసేసి, ఆండ్రాయిడ్ ఆధారంగా తయారైన గ్రాఫీన్ ఓఎస్, లీనియేజ్ ఓఎస్ లాంటివి సొంతంగా ఎక్కించుకునేవాళ్లు వేరే. వాళ్లకు ఈ పాఠం అక్కర్లేదు.

ఒకరి చేతిలో ఒకటి, పదిమంది చేతిలో ఒకటి

ఐఫోన్‌లో చిప్, ఫోన్, ఓఎస్ మూడింటి రూపకల్పనా యాపిల్‌దే. కొత్త ఐఓఎస్ విడుదలైన రోజున, దానికి అర్హత ఉన్న అన్ని మోడళ్లకూ ఒకేసారి అందుతుంది. మధ్యలో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆండ్రాయిడ్ అలా కాదు. గూగుల్ 2005లో ఆండ్రాయిడ్ అనే చిన్న కంపెనీని కొని, 2008లో మొదటి ఫోన్ బయటికి వచ్చేనాటికే దాన్ని ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్ సోర్స్‌గా పెట్టింది. కాబట్టే ఇన్ని కంపెనీలు, ఇన్ని ధరలు, ఇన్ని రకాలు. అయితే గూగుల్ కొత్త వెర్షన్ ఇవ్వగానే అది మీ ఫోన్‌కి రాదు. ముందు చిప్ తయారుచేసిన క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి సంస్థలు దానికి తగిన డ్రైవర్లు (ఓఎస్‌నీ చిప్‌నీ కలిపే చిన్న ప్రోగ్రాములు) ఇవ్వాలి. తర్వాత ఫోన్ కంపెనీ తన హంగులన్నీ దాని మీద తొడగాలి. శాంసంగ్ వన్ యూఐ, షావోమీ హైపర్ ఓఎస్, ఒప్పో కలర్ ఓఎస్ అంటే అవే. తర్వాత పరీక్షలు. కొన్నిచోట్ల నెట్‌వర్క్ కంపెనీ కూడా చూసి సరే అనాలి. అప్‌డేట్ ఆలస్యమైందంటే తిలా పాపం తలా పిడికెడు.

గూగుల్ ఈ ముడిని విప్పడానికి గట్టిగానే ప్రయత్నించింది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ పేరుతో ఓఎస్‌నీ, చిప్‌కి సంబంధించిన భాగాన్నీ విడదీసింది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి, లోపలి భాగాల్లో కొన్నింటిని ఫోన్ కంపెనీతో పనిలేకుండా ప్లే స్టోర్ దారిలోనే సరిచేస్తోంది. పరిస్థితి మునుపటికంటే చాలా మెరుగు. అయినా ఫోన్ కంపెనీ బద్ధకిస్తే ఇప్పటికీ దిక్కు లేదు. అందుకని "ఆండ్రాయిడ్ మంచిదా?" అని అడిగితే నేను జవాబు చెప్పను. ఏ కంపెనీ ఆండ్రాయిడో చెబితే అప్పుడు మాట్లాడదాం.

గడువు లెక్క: ఈ పాఠంలో అసలు పని

ఇప్పుడు పెన్ను తీయండి. ఫోన్ కంపెనీలు "ఇన్నేళ్ల అప్‌డేట్లు" అని చెప్పుకుంటాయి. ఆ ఏళ్లు మీరు కొన్న రోజు నుంచి మొదలవుతాయనుకుంటే పొరపాటు. ఆ మోడల్ మొదటిసారి అమ్మకానికి వచ్చిన రోజు నుంచే లెక్క నడుస్తుంది.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. గూగుల్ పిక్సెల్ 8 వచ్చింది 2023 అక్టోబర్‌లో, ఏడేళ్ల హామీతో. అంటే 2030 అక్టోబర్ వరకు. దాన్ని మీరు 2026 అక్టోబర్‌లో కొన్నారనుకోండి, మీ చేతిలో ఉండేది నాలుగేళ్లు. ఇంకో కంపెనీ అదే 2026లో సరికొత్త ఫోన్ తెచ్చి నాలుగేళ్ల హామీ ఇచ్చిందనుకుందాం. దాని గడువు కూడా 2030లోనే తీరుతుంది. మూడేళ్ల పాత మోడలూ, పెట్టె విప్పని కొత్త మోడలూ ఒకే ఏడాది ఆగిపోతున్నాయి! 'కొత్త మోడల్' అన్న మాట విలువ ఎంతో ఈ చిన్న కూడికతో తేలిపోతుంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, ఓఎస్ అప్‌గ్రేడ్ (కొత్త వెర్షన్) వేరు, సెక్యూరిటీ అప్‌డేట్ (భద్రతా లోపాల మరమ్మతు) వేరు. 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడు ఓఎస్ అప్‌గ్రేడ్లు, ఏడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని చెప్పింది. అదే తక్కువ ధర మోడళ్లకు వచ్చేసరికి ఏ కంపెనీ అయినా చెయ్యి బిగిస్తుంది. పెద్దక్షరాల్లో కనిపించే అంకె తరచూ సెక్యూరిటీది, ఓఎస్ అప్‌గ్రేడ్లు అంతకంటే తక్కువ ఉంటాయి. రెండూ విడివిడిగా రాసుకోండి.

రెండో మెలిక ఇంకా తెలివైనది. ఫోన్ ఏ వెర్షన్‌తో వస్తోందో చూడాలి. ఆండ్రాయిడ్ 15 వచ్చేశాక కూడా 14తో ఒక ఫోన్ విడుదలై, "రెండు అప్‌గ్రేడ్లు" అన్నారనుకోండి, అందులో ఒకటి ఇప్పటికే రావలసిన బాకీ. నిజంగా కొత్తగా దక్కేది ఒక్కటే.

ఐఫోన్ విషయంలో ఈ లెక్క వేరేలా వేయాలి. యాపిల్ తన ప్రకటనల్లో ఏళ్ల హామీ గురించి ఊదరగొట్టదు, కాబట్టి పాత చరిత్ర చూడాలి. 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021లో ఐఓఎస్ 15 కూడా అందింది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఎస్‌కి 2024 నాటి ఐఓఎస్ 18 వచ్చింది. సుమారు ఆరేళ్లని పెట్టుకుంటే పెద్దగా తేడా రాదు. దాని తర్వాత కూడా కొన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తుంటాయి. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా ఒకటి ఇచ్చారు. అన్నట్టు, ఐఓఎస్ 18 తర్వాత 2025లో వచ్చినది ఐఓఎస్ 26. మధ్యలో ఏడు వెర్షన్లు పోయాయేమోనని కంగారు పడకండి. రాబోయే ఏడాది అంకెతో కలిసేలా పేరు మార్చారంతే.

గడువు తీరగానే ఫోన్ ఆగిపోదు. కొన్నేళ్లు నడుస్తుంది. తర్వాత ఒక్కొక్క యాప్ మొహం చాటేస్తుంది. 2025 మేలో వాట్సాప్ ఐఓఎస్ 15.1 కంటే పాత వెర్షన్లను వదిలేసింది. దాంతో 2014లో వచ్చిన ఐఫోన్ 6 వాట్సాప్‌కి దూరమైంది. బ్యాంకు యాప్‌లు వాడేవాళ్లయితే అంతవరకూ ఆగకుండా, సెక్యూరిటీ గడువు తీరిన ఏడాదే ఫోన్ మార్చే ఆలోచన చేయాలని నా అభిప్రాయం.

చేతిలో ఉన్న ఫోన్‌తో అభ్యాసం

ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే సెట్టింగ్స్ తెరిచి అట్టడుగుకి వెళ్లండి. 'అబౌట్ ఫోన్' ఉంటుంది. అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే (శాంసంగ్‌లో 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్' మీద) కొన్ని వివరాలు కనిపిస్తాయి. ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఈ పేర్లు తెలుగులో ఉంటాయి, చోటు మాత్రం అదే. ఆ వివరాల్లో వెర్షన్ అంకె కంటే 'ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్' పక్కనున్న తేదీ ముఖ్యం. గూగుల్ 2015 ఆగస్టు నుంచి నెలనెలా సెక్యూరిటీ లోపాల జాబితా, వాటి మరమ్మతులు విడుదల చేస్తోంది. మీ ఫోన్ ఏ నెల మరమ్మతు దగ్గర ఆగిందో ఆ తేదీ చెబుతుంది.

ఒకటి రెండు నెలలు వెనక ఉంటే ఫరవాలేదు. కొన్ని మోడళ్లకు మూడు నెలలకోసారే ఇస్తారు, అదీ సరే. ఆరు నెలలు దాటితే 'చెక్ ఫర్ అప్‌డేట్' నొక్కి చూడండి. కొత్తది దిగితే తప్పు మనదే. "మీ ఫోన్ అప్ టు డేట్‌గా ఉంది" అని వచ్చి, తేదీ మాత్రం నిరుటిదే కనిపిస్తే ఆ మోడల్ సంగతి కంపెనీ మర్చిపోయిందని అర్థం. ఇంకో ఫోన్ కొనేటప్పుడు అదే కంపెనీ అదే శ్రేణి మోడల్ చూస్తుంటే ఈ తేదీ గుర్తుండాలి. షాపులో ప్రదర్శనకి పెట్టిన ఫోన్‌లో కూడా ఇలాగే చూడొచ్చు, ఎవరూ కాదనరు. ఐఫోన్ వాళ్లు 'జనరల్'లో 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్' చూస్తే చాలు.

ఇల్లు మారితే సామాన్లు ఏమవుతాయి?

ఇప్పుడు మీ కాగితం. ప్రతి పని ఎదురుగా ఆ యాప్ పేరు, దాని సమాచారం ఎక్కడ ఉంటుందో రాయండి: అకౌంట్‌లోనా, ఫోన్‌లోనేనా, ఒకే కంపెనీ పరికరాల్లోనా. ఈమెయిల్ అయితే అకౌంట్‌లోనే, ఏ ఫోన్‌కి మారినా లాగిన్ అయితే వచ్చేస్తుంది. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో ఉంటే ఐఫోన్‌లో కూడా కనిపిస్తాయి. కాకపోతే ఉచిత చోటు ఎంతో గుర్తుంచుకోండి. గూగుల్ 15 జీబీ ఇస్తుంది కానీ అందులోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. యాపిల్ వాళ్ల ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. ఐఫోన్‌లో మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఏనాడూ లేదు, కాబట్టి కొనేటప్పుడే స్టోరేజ్ పెద్దది తీసుకోవాలి.

చేతి గడియారం ఉంటే జాగ్రత్త. యాపిల్ వాచ్‌కి ఐఫోన్ తప్పనిసరి. ఇప్పటి పిక్సెల్ వాచ్, గెలాక్సీ వాచ్‌లు ఐఫోన్‌తో పనిచేయవు. ఫోన్ మారిస్తే వాచ్ కూడా మార్చాలి. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు కూడా ఒక స్టోర్ నుంచి ఇంకోదానికి రావు.

అందరికీ టెన్షన్ పెట్టేది వాట్సాప్ చాట్‌లే. ఆండ్రాయిడ్‌లో వాటి బ్యాకప్ గూగుల్ అకౌంట్‌లోకి పోతుంది, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి. ఒకదాని బ్యాకప్‌ని ఇంకొకటి తెరవలేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి తరలించే అధికారిక దారి 2022లో వచ్చింది. యాపిల్ ఇచ్చే 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో, కొత్త ఐఫోన్‌ని మొదటిసారి సెట్ చేసేటప్పుడే అది చేయాలి. ముందు ఐఫోన్‌ని వాడేసి, వారం తర్వాత చాట్‌లు గుర్తొచ్చాయంటే మళ్లీ రీసెట్ చేసి మొదటి నుంచి రావలసిందే. అలాగే లాగిన్ కోడ్లు ఇచ్చే అథెంటికేటర్ యాప్ వాడుతుంటే పాత ఫోన్‌ని చెరిపేసే ముందే ఆ కోడ్లు కొత్తదానిలోకి మార్చుకోవాలి. లేకపోతే మీ అకౌంట్లు మీకే తలుపు తీయవు.

ఈ కాగితం మీద 'ఫోన్‌లోనే', 'ఒకే కంపెనీ' అన్న మాటలు సగానికి మించి కనిపిస్తే, గట్టి కారణం లేకుండా ఓఎస్ మార్చకండి. అన్నీ 'అకౌంట్' అని వస్తే మీకు ఏ దారైనా ఒకటే.

సెక్యూరిటీ మీద రెండు మాటలు

"ఐఫోన్ సేఫ్, ఆండ్రాయిడ్‌లో వైరస్‌లు" అన్నది సగం నిజం. రెండింటిలోనూ ఒక యాప్ ఇంకో యాప్ సమాచారం ముట్టుకోలేదు. లొకేషన్, మైక్ లాంటివి అడిగినప్పుడు అనుమతించే హక్కు ఆండ్రాయిడ్‌లో 2015లో వెర్షన్ 6తో వచ్చింది. ఇతర యాప్‌లలో మనల్ని వెంటాడే ముందు అనుమతి అడగాలన్న నియమం ఐఓఎస్‌లో 2021లో 14.5తో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ప్రమాదం ఎక్కువగా మనమే తలుపు తీసినప్పుడు వస్తుంది. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని ఎక్కించే ఫైల్) దింపుకుని, "తెలియని యాప్‌లను అనుమతించు" అన్నదానికి సరే అంటాం కదా, అక్కడ. ఇంట్లో పెద్దవాళ్లకోసం చూస్తుంటే, వాళ్లు కనిపించిన లింకల్లా నొక్కేవాళ్లయితే, ఐఫోన్ వైపు మొగ్గుతాను. యూరోపియన్ యూనియన్‌లో 2024 నుంచి ఐఫోన్‌లోనూ బయటి స్టోర్లకు చోటిచ్చారు, మిగతాచోట్ల చాలావరకు పాత కట్టుబాటే.

తెలుగు సంగతి కూడా ఒక్క మాట. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఇప్పుడా బెడద లేదు. అయినా కొనేముందు మీరు రోజూ వాడే పద్ధతిలో, కీబోర్డుతోనో మాటతోనో, రెండింటిలోనూ ఒక పేరా తెలుగు రాసి చూడండి. ఏది మీ చేతికి అలవాటుగా ఉందో రివ్యూలు చెప్పలేవు.

ఇంటిపని

మీ మనసులో ఉన్న రెండు ఫోన్లు తీసుకోండి. ఒక్కోదానికి విడుదలైన నెల, వచ్చిన ఓఎస్ వెర్షన్, ఓఎస్ అప్‌గ్రేడ్ల సంఖ్య, సెక్యూరిటీ ఏళ్లు రాసి చివరి ఏడాది లెక్కగట్టండి. ధరని మిగిలిన ఏళ్లతో భాగిస్తే ఏడాదికి ఎంత పడుతుందో వస్తుంది. ఖరీదైన ఫోన్ చవకగా తేలడం ఇక్కడ మామూలే. రెండింటి గడువూ ఒకే ఏడాది తీరితే, వాటి చిప్ పేర్లు కూడా పక్కనే రాసి ఉంచండి. మూడో పాఠం ఆ పేర్లతోనే మొదలుపెడదాం.