తెర పగిలిన ల్యాప్‌టాప్‌ను మానిటర్‌తో నడిపించడం ఎలా

ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోంది, తెర మాత్రం నల్లగానో, గీతలు గీతలుగానో ఉంది. అంటే లోపల బోర్డు, ర్యామ్, డిస్కు చాలావరకు బాగానే ఉన్నట్టు. అలాంటి ల్యాప్‌టాప్‌ను తుక్కు ధరకు ఇచ్చేయకండి. ఒక కేబుల్, ఒక మానిటర్ ఉంటే ఇంకా కొన్నేళ్లు పని చేయించుకోవచ్చు.

రూపాయి ఖర్చు పెట్టే ముందు ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి చూడండి. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే పోయింది తెరో, దాని కేబులో. టీవీలోనూ అవే గీతలు, అవే రంగు మచ్చలు కనిపిస్తే లోపం గ్రాఫిక్స్ చిప్‌లో ఉంది. అప్పుడు మానిటర్ కొనడం దండగ. తెర పూర్తిగా నల్లగా ఉంటే చీకటి గదిలో ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా కొట్టి చూడండి. ఐకాన్లు లీలగా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటే, అంటే తెర వెనక వెలిగే లైటు.

పోర్టుల దగ్గర చాలామంది మోసపోతారు. హెచ్‌డీఎంఐ ఉంటే గొడవ లేదు. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడండి, లేదంటే మోడల్ నంబరుతో స్పెసిఫికేషన్లు వెతకండి. పాత మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే 'హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి' మార్చే కన్వర్టర్ అడగండి. ఇవి ఒకవైపే పనిచేస్తాయి. ల్యాప్‌టాప్‌కు వీజీఏ, మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే కావాల్సింది వేరే కన్వర్టర్, దానికి సాధారణంగా యూఎస్‌బీ నుంచి కరెంటు కూడా ఇవ్వాలి.

కేబుల్ పెట్టినా మానిటర్‌లో ఏమీ రాకపోతే కంగారు పడకండి. విండోస్ బొమ్మను పగిలిన తెరకే పంపుతూ ఉండొచ్చు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగండి. ఎంటర్ ఒకసారి నొక్కి, రెండు సెకన్లు ఆగి, పిన్ కొట్టండి. అంకెలు పైవరుసలోవే వాడండి; కుడివైపు అంకెలకు నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే పిన్ పడదు, తెర కనపడదు కాబట్టి ఆ సంగతి మీకు తెలియదు. పాస్‌వర్డ్ అయితే చివర ఎంటర్ కొట్టాలి. లోపలికి వెళ్లాక విండోస్ కీ, పి కలిపి నొక్కితే నాలుగు ఆప్షన్లు ఈ వరుసలో వస్తాయి: పీసీ స్క్రీన్ ఓన్లీ, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, సెకండ్ స్క్రీన్ ఓన్లీ. కింది బాణం ఒకసారి, ఎంటర్. ఐదు సెకన్లు ఆగండి. రాకపోతే మళ్లీ విండోస్ కీ, పి నుంచి మొదలుపెట్టండి. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది.

బొమ్మ వచ్చిందా? వెంటనే మూడు పనులు చేసేయండి, మళ్లీ ఎప్పుడు తెర మాయమవుతుందో చెప్పలేం. డేటా మొత్తం బయటి డిస్కులోకి కాపీ చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూస్తే ఏం జరగాలి అన్నచోట ఛార్జింగ్ కాలమ్ కింద 'డూ నథింగ్' పెట్టండి. ఇక బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. 48 అంకెల ఈ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి విండోస్ ఆ కీ అడుగుతుంది, అడిగే నీలం తెర పగిలిన ప్యానెల్ మీదే వచ్చే అవకాశం ఉంది. చాలా మోడళ్లలో బయోస్ తెర కూడా అంతే, మూత మూసి ఆన్ చేస్తే మానిటర్‌కు వస్తుంది.

టచ్ స్క్రీన్ పగిలితే మౌస్ తనంతట తాను కదులుతుంది, విండోలు వాటంతట అవే తెరుచుకుంటాయి. వైరస్ కాదది, చీలిన గాజు పంపే తప్పుడు టచ్‌లు. డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద 'టచ్ స్క్రీన్' అని ఉన్నదాన్ని డిజేబుల్ చేస్తే ఆగిపోతుంది. పగుళ్ల మీద వెడల్పాటి పారదర్శక టేప్ అంటించండి, గాజు పొడి కీబోర్డులో పడదు.

కొందరు పై మూతను ఊడదీసి పారేస్తారు. ఆ తర్వాత వైఫై పక్క గదికి కూడా అందదు. కారణం, చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై యాంటెన్నాలు మూతలోనే, ప్యానెల్ అంచున ఉంటాయి. కింది కవర్ విప్పితే వైఫై కార్డు నుంచి నలుపు, తెలుపు రంగుల్లో రెండు సన్నటి వైర్లు మూత కీలు (హింజ్) వైపు వెళ్తూ కనిపిస్తాయి, వాటిని ముట్టుకోకండి. తెర వల్ల ఇబ్బందిగా ఉంటే దాని కేబుల్ ఒక్కటే తీయండి. ఛార్జర్ పీకి, కవర్ విప్పి (రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉండొచ్చు), ముందుగా బ్యాటరీ కనెక్టర్ తీయాలి. పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాతే తెర కేబుల్. బ్యాటరీ ఉండగా ఈ కేబుల్ కదిపితే బ్యాక్‌లైట్ ఫ్యూజు పోవచ్చు, అది బోర్డు మీద ఉంటుంది. కనెక్టర్ మీది టేపు తీసి, సన్నటి క్లిప్పు ఉంటే లేపి, కేబుల్ వచ్చిన దిశలోనే మెల్లగా లాగండి, పైకి లాగితే పిన్నులు వంగుతాయి. ఊడిన కొసకు ఇన్సులేషన్ టేప్ చుట్టండి. ఇక ల్యాప్‌టాప్‌కు మానిటర్ ఒక్కటే తెర, బయోస్ కూడా చాలావరకు అందులోనే వస్తుంది. కెమెరా మాత్రం చాలా మోడళ్లలో ఈ కేబుల్‌తోనే పోతుంది.

హైదరాబాద్‌లో ఉంటే మానిటర్ కోసం సికింద్రాబాద్ పారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి పార్క్ లేన్‌లోని సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల భవనం) వెళ్లండి. ఆఫీసులు తీసేసిన సెకండ్ హ్యాండ్ మానిటర్లు అక్కడ దొరుకుతాయి. ల్యాప్‌టాప్, ఛార్జర్, కేబుల్ వెంట తీసుకెళ్లి మీ ల్యాప్‌టాప్‌తోనే ఆన్ చేయించి, పది నిమిషాలు వెలిగించి ఉంచండి. పూర్తి తెల్ల తెర పెట్టి మచ్చలు, అంచుల్లో పసుపు చూడండి. 1920×1080 ఉన్న 22 అంగుళాలది చాలు. అమీర్‌పేట హాస్టల్ గది బల్ల మీద అంతకంటే పెద్దది పట్టదు కూడా. 32 అంగుళాల టీవీ చవగ్గా వచ్చిందని కొనకండి: చాలావాటిలో 1366×768 మాత్రమే ఉంటుంది, కోడ్ చదవడానికి కళ్లు లాగుతాయి. ఇంట్లో ఉన్న టీవీనే వాడుతుంటే, అంచులు తెగిపోయి టాస్క్‌బార్ కనపడకపోతే టీవీ మెనూలో బొమ్మ సైజును 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్'కు మార్చండి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో శబ్దం రాకపోతే అది హెచ్‌డీఎంఐలోకి వెళ్లినట్టు. టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు నొక్కి మార్చుకోండి.

మూత మూసి వాడితే వేడి పెరుగుతుంది. మే నెలలో ఫ్యాన్ మోత పెరిగితే మూత కాస్త తెరిచి, అడుగున అంగుళం ఎత్తు పెట్టండి. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది కాబట్టి కంపెనీ యాప్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే పెట్టేయండి.

ఈదురుగాలి వానకు కరెంటు పోతే మానిటర్ ఆరిపోతుంది, ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. ముందు కంట్రోల్, ఎస్. కరెంటు వెంటనే రాకపోతే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి వదిలి, తర్వాత యు, మళ్లీ యు. తెర కనపడకుండానే షట్‌డౌన్ అవుతుంది. ఫ్యాన్ ఆగి, పవర్ లైటు ఆరిందని చూసుకున్నాకే మూత వేయండి.