డివిడెండ్ షేర్ల పోర్ట్‌ఫోలియోను సొంతంగా చూసుకోవడం ఎలా?

డివిడెండ్ షేర్లు, అంటే లాభంలో కొంత వాటాదారులకు పంచే కంపెనీల షేర్లు, కొనడం ఒక పూట పని. వాటిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండటమే అసలు పని. అప్పు మీద వడ్డీలా డివిడెండ్ ఇచ్చి తీరాలన్న నిబంధన మామూలు షేరుకు లేదు. బోర్డు తలచుకుంటే తగ్గిస్తుంది, ఆపేస్తుంది. 2020 ఏప్రిల్‌లో చమురు సంస్థ షెల్ మూడు నెలల డివిడెండ్‌ను షేరుకు 47 సెంట్ల నుంచి 16 సెంట్లకు కోసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కంపెనీ అలా చేయడం అదే మొదటిసారి. కాబట్టి కోత ఎక్కడ పడబోతోందో ముందుగా పసిగట్టడం మీదే దృష్టి పెట్టాలి.

1. పట్టిక రాసుకోండి

నోటుపుస్తకమైనా చాలు. కంపెనీ, రంగం, షేర్ల సంఖ్య, కొన్న ధర, షేరుకు ఏడాదికి వచ్చే డివిడెండ్ రాయండి. ఒక్కసారికే ప్రకటించే ప్రత్యేక డివిడెండ్‌ను విడిగా రాయండి. కలిపి రాస్తే వచ్చే ఏడాది అంచనా తప్పుతుంది.

2. ఈల్డ్ చూసి మురిసిపోకండి

షేరు ధర 100, ఏడాది డివిడెండ్ 4 అయితే ఈల్డ్ 4 శాతం. ధర 50కి పడిపోతే అదే ఈల్డ్ 8 శాతమవుతుంది. కంపెనీ చిల్లిగవ్వ కూడా అదనంగా ఇవ్వలేదు, షేరును వదిలించుకునేవారు పెరిగారు, అంతే. అదే రంగంలోని మిగతా కంపెనీలకన్నా ఈల్డ్ బాగా ఎక్కువగా ఉంటే, కారణం తెలిసేదాకా కొనవద్దు.

3. ఇచ్చే స్తోమత ఉందా?

ఇక్కడ మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. లాభంలో ఎంత భాగం డివిడెండ్‌గా పోతోందో చెప్పేది పేఔట్ నిష్పత్తి. షేరుకు 10 సంపాదించి 4 పంచే కంపెనీ ఒక చెడ్డ ఏడాదిని తట్టుకుంటుంది. 9 పంచే కంపెనీకి ఆ వెసులుబాటు తక్కువ. 100 శాతం దాటిందంటే పాత నిల్వలు తీసో, అప్పు తెచ్చో ఇస్తున్నట్టే. రియల్ ఎస్టేట్ పెట్టుబడి ట్రస్టులను (భవనాల వంటి ఆస్తుల్లో డబ్బు పెట్టి, వచ్చే అద్దెలు పంచే సంస్థలను) ఈ గీటురాయి మీద గీయకండి. చాలా దేశాల్లో అవి ఆదాయంలో ఎక్కువ భాగం పంచాలని చట్టమే చెబుతుంది.

లాభం పద్దుల్లో ఉంటుంది, డివిడెండ్ మాత్రం నగదుగా పోతుంది. అందుకే వార్షిక నివేదికలో నగదు ప్రవాహ పట్టిక తెరవండి. వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి యంత్రాలు, భవనాల ఖర్చు తీసేస్తే మిగిలింది డివిడెండ్‌కు సరిపోతోందా? రెండు మూడేళ్లు వరసగా చాలక, అప్పు కూడా పెరుగుతుంటే, ఛైర్మన్ రాసిన ముందుమాట ఎంత తియ్యగా ఉన్నా నేను నమ్మను.

4. రాబడి ఏ దిక్కు నుంచి వస్తోంది?

ఇరవై కంపెనీలున్నాయన్న ధీమా పనికిరాదు. మొత్తం డివిడెండ్‌లో ఏ కంపెనీది ఎన్నో వంతో లెక్కవేయండి. సగం ఆదాయం మూడు నాలుగు కంపెనీలదే అని తేలవచ్చు, అవీ ఒకే రంగానివి కావచ్చు. 2020 మార్చిలో ఐరోపా కేంద్ర బ్యాంకు తన పర్యవేక్షణలోని బ్యాంకులను డివిడెండ్లు ఆపమని కోరింది. వాటినే నమ్ముకున్నవారికి కుళాయిలన్నీ ఒక్కసారే కట్టేసినట్టయింది. నేనైతే ఏ ఒక్క కంపెనీ వాటానూ పదో వంతు దాటనివ్వను.

5. తేదీలు, తిరుగు పెట్టుబడి

ఎక్స్-డివిడెండ్ తేదీకి ముందే షేరు కొని ఉండాలి. ఆ రోజు కొంటే ఈసారి డివిడెండ్ అమ్మినవారికే వెళుతుంది. ముందు రోజు కొని మర్నాడు అమ్మేద్దామనుకుంటే, ధర సాధారణంగా డివిడెండ్ మేరకు తగ్గే మొదలవుతుంది. పన్ను, బ్రోకరు రుసుము అదనం.

వచ్చిన డబ్బు అవసరం లేకపోతే మళ్లీ షేర్లలో పెట్టండి. ఈల్డ్ 5 శాతం దగ్గర నిలకడగా ఉంటే, షేర్ల సంఖ్య సుమారు 14 ఏళ్లలో రెట్టింపవుతుంది. అయితే డబ్బిచ్చిన షేరులోనే తిరిగి పోయాలని లేదు. పట్టికలో వాటా తగ్గినదానికి మళ్లిస్తే దేన్నీ అమ్మకుండానే సమతూకం కుదురుతుంది.

6. కోత పడితే

ధరలను రోజూ చూడనక్కర్లేదు, మూడు నెలల ఫలితాలు వచ్చినప్పుడు చూస్తే చాలు. కోత వార్త వస్తే అది అప్పు తీర్చుకోవడానికా, వ్యాపారమే కుంగుతోందా అని ఆరా తీయండి. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ 2017 నవంబరులో మూడు నెలల డివిడెండ్‌ను 24 సెంట్ల నుంచి 12కు తగ్గించింది, ఏడాది తిరగకుండానే 1 సెంటుకు దించుతున్నట్టు ప్రకటించింది. మొదటి కోతతోనే గండం గడిచిందనుకున్నవారు రెండోసారీ నష్టపోయారు. కొన్న ధరను పక్కన పెట్టి, ఇవాళ చేతిలో డబ్బుంటే ఇదే షేరు కొంటానా అని ఆలోచించండి. కొనను అనిపిస్తే అమ్మేసి, పట్టికలో ఆ వరుస కొట్టేయండి.