రెండు ప్రభుత్వాలు చర్చలకు కూర్చునే ముందు లాయర్నీ లెక్కల మనిషినీ ఏం అడగాలి

చెన్నైలో మా కుళాయిలో వచ్చే నీళ్లలో కొంత కృష్ణమ్మది, దాని వెనక కూడా ఒప్పందాలే ఉన్నాయి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి. 1983లో ఆవిరయ్యే 3 టీఎంసీలు తీసేసి, సరిహద్దు దగ్గర తమిళనాడుకు 12 అందాలని, అందులో 8 జూలై నుంచి అక్టోబరు లోపు, 4 జనవరి నుంచి ఏప్రిల్ లోపు రావాలని రాసుకున్నారు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ కొలవాలి, మూడూ ఉన్నాయి కదా, అయినా చెన్నై దగ్గరి పూండి జలాశయానికి నీళ్లు మొదటిసారి చేరింది 1996లో, ఆ తర్వాత కూడా పూర్తి 12 రాని ఏళ్లే ఎక్కువ. కాబట్టి ఏ ఒప్పందానికైనా నాలుగో ప్రశ్న ఒకటుంది: రాకపోతే ఏంటి?

ఈ ప్రశ్నకు జవాబు చర్చలకు ముందే తయారవ్వాలి. అవతలివాళ్ల డ్రాఫ్ట్ వచ్చాకో, మంత్రిగారు మన వైఖరి ఖరారు చేశాకో లాయర్ని పిలిస్తే ఆయన చేయగలిగేది మాటలు దిద్దడం వరకే. చర్చలు నడిపే అధికారి మీరైతే, మీరే ముందు రెండు పేజీల నోట్ రాయండి: మనకేం కావాలి, ఏం వదులుకోగలం, ఏది అస్సలు వదలం. దాన్ని లాయరుకీ, ఒప్పందం దేని గురించో ఆ వ్యాపారం లోతుగా తెలిసిన లెక్కల మనిషికీ ఒకేసారి పంపి, ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. విడివిడిగా అడిగితే ఈయన చట్టపరంగా ఇబ్బంది లేదంటాడు, ఆయన లాభమే అంటాడు, మధ్యలో ఉన్న కంత మాత్రం ఎవరికీ కనబడదు.

"ఇది బాగుందా?" అని అడగకండి. "వాళ్లు ఆలస్యం చేస్తే మనకి రోజుకెంత నష్టం, ఆ డబ్బు ఏ క్లాజు కింద, ఎక్కడ అడుగుతాం?" అని అడగండి. మొదటి సగం లెక్కల మనిషికి, రెండో సగం లాయరుకి.

పాత ఒప్పందాలన్నీ బల్ల మీద పెట్టించండి, ఇది మాత్రం వదలొద్దు. కోల్ ఇండియాతో వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీకి గొడవ వచ్చి కేసు మన కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలిగింది. అప్పటి భారత్–ఆస్ట్రేలియా పెట్టుబడుల ఒప్పందంలో 'వేరే దేశానికిచ్చిన మేలు మీకూ ఇస్తాం' అన్న క్లాజు ఉండేది, ఆ కంపెనీ దాన్ని పట్టుకుని, మనం కువైట్‌తో రాసుకున్న ఒప్పందంలోని 'హక్కుల కోసం పోరాడే దారి సరిగ్గా పనిచేస్తుంది' అన్న హామీని తనకీ వర్తింపజేసుకుని 2011లో మన దేశం మీద గెలిచింది. ఇక మా ఊరి సంగతే చూడండి, తమిళనాడు ప్రభుత్వం నుంచి రావాల్సిన రాయితీలు రాలేదని నిస్సాన్ 2017లో భారత్–జపాన్ ఒప్పందం కింద కేంద్రం మీదే ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తుల తీర్పుకి) వెళ్లింది, తర్వాత రాజీ అయ్యారు. అంటే రాష్ట్రం ఇచ్చిన మాటకి ఢిల్లీ జవాబు చెప్పాల్సొచ్చింది. అందుకే హైకోర్టులో బాగా వాదిస్తాడన్న పేరు ఒక్కటీ సరిపోదు, ఇలాంటి ఒప్పందాల మీద పనిచేసిన లాయరే కావాలి.

ఫీజు మాట్లాడేటప్పుడే, అవతలి పక్షానికి గానీ దీంతో లాభపడే కంపెనీలకు గానీ పనిచేయడం లేదని ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి. చర్చలు జరిగే రోజుల్లో ఇద్దరూ పక్క గదిలో ఉంటే మంచిది, కుదరకపోతే ఫోన్‌లోనైనా దొరకాలి. సంతకం ముందు రోజు రాత్రి టెన్షన్‌లో ఓ అంకె మారిందనుకోండి, అది ఈ ఇద్దరూ చూడకుండా ముందుకు కదలకూడదు.