బడి వదిలాక గంటన్నర: ఊళ్లో పిల్లల సంఘాన్ని నిలబెట్టే పద్ధతి

బడి గంట కొట్టిన తరువాత, ఇంట్లో దీపం పెట్టే వేళకు ముందు, పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ పిల్లలకు ఎవరూ పట్టించుకోని కాసింత సమయం చిక్కుతుంది. తల్లిదండ్రులు పొలం నుంచో, కూలి నుంచో, దుకాణం నుంచో ఇంకా తిరిగిరాని ఆ వేళలో పిల్లవాడు సెల్‌ఫోను ముందైనా ఉంటాడు, ట్యూషనులోనైనా ఉంటాడు. ఈ రెండూ కాని మూడో చోటు ఒకటి తమ ఊళ్లో ఉండాలనుకునే వారి కోసం, ఒక పంచాయతీలో సాయంకాలపు బాలల సంఘం నడపడంలో పాలుపంచుకున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. ఇటువంటి సంఘాలు డబ్బు లేక మూతపడటం నేను తక్కువ చూశాను; వేళ తప్పి మూతపడటమే ఎక్కువ చూశాను. తాళం తీయవలసిన మనిషి వరుసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు పిల్లలు రారు. అందువల్ల ఏ ఏర్పాటు చేసినా, రోజూ అదే వేళకు ఆ తలుపు తెరుచుకోవడానికి అది పనికివస్తుందా లేదా అన్నదే ముందు చూసుకోవాలి.

చోటు కోసం కొత్త గది కట్టించే ఆలోచన పెట్టుకోవద్దు. పంచాయతీ కమ్యూనిటీ హాలు, బడి వరండా, గుడి ముందరి మంటపం, ఏదైనా సరిపోతుంది. నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి మూడూ ఉంటే చాలు. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. మనం చెల్లించే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసే ఉంటుంది కాబట్టి, అక్కడి బల్లలు పిల్లలకు ఇమ్మని అడగడంలో మొహమాటపడవలసిన పని లేదు. బడిలోనైతే ప్రధానోపాధ్యాయుల అనుమతి నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోవాలి. వారు బదిలీ అయి వెళ్లిన రోజున ఆ కాగితమే మనల్ని కాపాడుతుంది.

వేళ విషయంలో ఆడపిల్లలను దృష్టిలో పెట్టుకుని నిర్ణయం తీసుకోవాలి. మగపిల్లలు ఏ వేళ పెట్టినా వస్తారు. ఆడపిల్లకు ఇంటికి రాగానే నీళ్లు పట్టడం, గిన్నెలు తోమడం, చంటివాణ్ణి ఎత్తుకోవడం ఉంటాయి. చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్న షరతు ఉండనే ఉంటుంది. మా దగ్గర మొదట అయిదు నుంచి ఏడు గంటల వరకు పెట్టినప్పుడు ఆడపిల్లలు ముగ్గురే వచ్చేవారు. నాలుగున్నర నుంచి ఆరుకు మార్చి, చలికాలంలో మరో పావుగంట ముందే ముగించి, చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ చంకన వేసుకుని రావచ్చని చెప్పి, వారి కోసం ఒక మూల చాప పరిచిన తరువాతే వారి సంఖ్య మగపిల్లలతో సమానమయింది. ఆ చాప ఖరీదు కంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన ఖర్చు మేము మరొకటి పెట్టలేదు.

నడిపే మనుషులు కనీసం నలుగురు ఉండాలి. ఏ రోజైనా ఇద్దరు పెద్దలు తప్పనిసరిగా హాజరు కావాలన్నది మారని నియమంగా పెట్టుకోవాలి. విశ్రాంత ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల మహిళలు, ఇంటర్, డిగ్రీ చదివే యువతీయువకులు ఇందుకు తగినవారు. పిల్లలు వీరిని సారు, మేడం అని కాక అన్నయ్య, అక్కయ్య అని పిలిస్తే బడి వాసన కొంత తగ్గుతుంది. ఈ పిలుపు మనకు కొత్తది కాదు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలే. పిల్లల గురించి పెద్దలు మాట్లాడటం కాక, పిల్లలనే మైకు ముందు నిలబెట్టి పాడించడం, ఆడించడం, మాట్లాడించడం వారి పద్ధతి, అది ఈనాటికీ పనికివస్తుంది.

ప్రారంభోత్సవం మాత్రం వద్దు. మేము ఒక నవంబరు 14న షామియానా వేసి, పెద్దలను వేదిక మీద కూర్చోబెట్టి, లడ్డూలు పంచి మొదలుపెట్టాం. ఆ రోజు నిలబడటానికి చోటు లేదు. సంక్రాంతి సెలవుల తరువాత తలుపు తెరిస్తే తొమ్మిది మంది మిగిలారు. నిజానికి సంఘం ఆ తొమ్మిది మందితోనే మొదలయిందని చెప్పాలి. పది, పన్నెండు మందితో, వారానికి మూడు రోజులతో ఆరంభించి, మూడు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా నడిపాక అయిదు రోజులకు పెంచడం మంచిది.

ఇక ఆ గంటన్నరలో ఏం చేయాలన్నది. పిల్లలు బడి నుంచి ఆకలితో వస్తారు కనుక మొదటి పది నిమిషాలు తిండికే కేటాయించాలి. రాత్రి నానబెట్టి ఉడికించిన కిలో శనగలు ముప్పై మందికి పిడికెడు చొప్పున వస్తాయి. మరొక రోజు బొరుగులు, బెల్లం, వేరుశనగ పప్పు. బిస్కెట్ల పొట్లాలు తేలికే గానీ వాటి కవర్లు ఏరడానికి మరో పావుగంట పడుతుంది. ఆ తరువాత ముప్పావుగంట ఆట. కబడ్డీ, ఖోఖో, ఏడు పెంకులాట వంటివి బయట ఆడించవచ్చు. వాన పడినా, ఎండ తగ్గకపోయినా లోపల అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిమేక ఉన్నాయి.

అష్టాచెమ్మా గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒక్క ఆటలో ఎంత పని ఉందో ఇందులో తెలుస్తుంది. సుద్దతో వరుసకు అయిదు చొప్పున 25 గళ్లు గీయాలి. నాలుగు చింతగింజలను గరుకు బండ మీద ఒక వైపే, తెల్లటి పప్పు బయటపడే దాకా అరగదీయాలి. ఈ పని పిల్లలే చేస్తారు, వేళ్లు కాలుతున్నాయని అరుస్తూ చేస్తారు. గింజలు వేసినప్పుడు నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే 4; నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే 8. ఆట అలవాటయ్యాక ఏడో తరగతి పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, వంద సార్లు గింజలు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టమనండి. రెండు ఎక్కువగా పడుతోందని, అష్టా, చెమ్మా అరుదని వారే కనిపెడతారు. గింజ ఏ వైపైనా సమంగా పడుతుందనుకుంటే మొత్తం 16 విధాల్లో రెండు పడేవి 6, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి అని అప్పుడు పలక మీద రాసి చూపించవచ్చు. వారి లెక్క దీనికి కాస్త తేడాగా వస్తే, గింజ రెండు వైపులా ఒకే రీతిన ఉందా అని అడిగి వదిలేయండి. మరునాడు కొత్త గింజలు అరగదీసుకుని వస్తారు.

చివరి అరగంట చదువుకు, చేతిపనికి. ఇక్కడ తల్లిదండ్రులతో ఒక పేచీ తప్పదు: హోంవర్కు చేయించాలని అడుగుతారు. పూర్తిగా కాదంటే పిల్లలను ట్యూషనుకు పంపేస్తారు, పూర్తిగా సరేనంటే సంఘమే ట్యూషను అయిపోతుంది. వారంలో రెండు రోజులు హోంవర్కు, మిగతా రోజులు కథలు అని మేము రాజీ పడ్డాం. కథల పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవచ్చు. హైస్కూలు పిల్లలను జన విజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్స్ సంబరాలనే విజ్ఞాన పోటీలకు సిద్ధం చేయవచ్చు.

పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చిన పిల్లలు ఆటలతో మాత్రమే ఆగరు. వారికి బాధ్యత అప్పగించాలి, అదీ ఉత్తుత్తి బాధ్యత కాకూడదు. హాజరు రిజిస్టరు, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు, శనగల చిట్టా వారి చేతిలో పెట్టి, నెలాఖరున అందరి ముందు లెక్క చదివించాలి. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఒకసారి ఇరవై రూపాయల తేడాను పట్టుకుని, అది నేను రాయడం మరిచిన ఆటో ఛార్జీ అని తేల్చింది. ఖోఖోలో రెఫరీగా నిలబడటం, చిన్నవారి తగాదా తీర్చడం, సర్పంచి గారికి వీధి దీపం కోసం అర్జీ రాయడం, ఇవన్నీ ఈ వయసువారి పనులే. పెద్దలు వెనక్కి తగ్గడం నేర్చుకోకపోతే మాత్రం వీరు మానేస్తారు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటానికి చోటు లేదు. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లవాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. దాతల కోసమైనా సరే. ఒక పిల్లపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, ఊరి పెద్దల పంచాయితీలో సర్దుబాటు చేయబోవడం నేరానికి తోడ్పడటమే అవుతుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసినవారి విధి. బాలల సహాయవాణి 1098 నంబరును పిల్లల కళ్ల ఎత్తున గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

డబ్బు సంగతి క్లుప్తంగా: తొలి ఏడాది చందాలు ఊళ్లోనే, వీలైతే వస్తు రూపంలో తీసుకోవాలి. ఒకరు శనగలు, ఒకరు చాప, మరొకరు బంతి ఇస్తారు. బ్యాంకు ఖాతా అవసరమైన రోజున, కనీసం ఏడుగురు సభ్యులతో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. నడవని సంఘానికి రిజిస్ట్రేషను కాగితం, లెటర్‌హెడ్డు ఉండి ప్రయోజనం లేదు.

ఏడాదిలో సంఘం చెదిరే రోజులు రెండు ఉంటాయి. పదో తరగతివారికి ప్రత్యేక తరగతులు మొదలవగానే పెద్ద పిల్లలు రావడం ఆగుతుంది. వారి రిజిస్టర్లను ముందే ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి నేర్పి అప్పగించి ఉంచాలి. రెండోది వేసవి. సాయంకాలపు వేడిలో ఎవరూ రారు కనుక ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నరకు మార్చి, సెలవులకు అమ్మమ్మగారి ఊరికని మన ఊరు వచ్చిన పిల్లలను కూడా చేర్చుకోవాలి. జూన్‌లో బడులు తెరిచిన మొదటి సాయంత్రమే, కొత్త పుస్తకాల అట్టలు వేయడమనే పని పెట్టి, నాలుగున్నరకు తలుపు తెరిచి ఉంచండి. పాత బ్రౌన్ పేపరు, కత్తెర, గ్లూ ముందుగానే తెచ్చిపెట్టుకోండి.