చెత్త బండి ఎక్కే ముందు చూసుకోవలసినవి

అన్నా, అక్కా, పొద్దున క్లాక్‌టవర్ దగ్గర హాజరు పడగానే చీపురు పట్టకండి. ముందు చేతులు, కాళ్లు చూసుకోండి. గీరుకుపోయిన చోటు ఉంటే కట్టు కట్టాకే గ్లౌజులు.

– పలచటి గ్లౌజులు సూదిని ఆపవు. మందపాటి రబ్బరువి అడిగి తీసుకోండి. వేళ్ల సందుల్లో చిరిగాయేమో చూడండి. కాళ్లకు బూట్లే, చెప్పులు వద్దు.

– సంచిని ఒంటికి ఆనించి ఎత్తకండి, కాలితో తొక్కి అణచకండి. నిరుడు మా వాడలో ఒకామె డైపర్ల సంచి తొక్కితే ఇన్సులిన్ సూది చెప్పులోంచి అరికాల్లోకి దిగింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే. గుచ్చుకుంటే రక్తం పిండొద్దు. పారే నీళ్లలో సబ్బుతో కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. డ్యూటీ అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

– హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, టీటీ ముందే వేయించుకోండి.

– కదిలే ఆటో వెనక వేలాడొద్దు. ఎండాకాలం నీళ్ల సీసా, తలకు రుమాలు.

– మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే, ఎవరు చెప్పినా దిగకండి. రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. లోపలి గ్యాస్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు.